ఆఫ్రికా వ్యవహారాల దౌత్యవేత్త కావాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్స్‌కు సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థులతో మాట్లాడిన ప్రతిసారీ విదేశాంగ సర్వీసు గురించి, అందులోనూ ఆఫ్రికా గురించి, అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చి దశలవారీగా జవాబులు రాశాను. మొదటి నుంచి చదవనవసరం లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఇక్కడ చెప్పినదంతా భారత విదేశాంగ సర్వీసుకు, అంటే ఐఎఫ్ఎస్‌కు సంబంధించినది.

## పరీక్షకు ముందు

నాకు ఆఫ్రికా మీదే పని చేయాలని ఉంది. దానికి ప్రత్యేకంగా పరీక్ష, కోటా ఏమైనా ఉన్నాయా?

లేవు. అందరూ యూపీఎస్సీ నిర్వహించే సివిల్ సర్వీసెస్ పరీక్షే రాస్తారు. ప్రిలిమ్స్ గట్టెక్కాక మెయిన్స్‌కు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కుల మీద ర్యాంకు నిర్ణయిస్తారు. సర్వీసుల ప్రాధాన్య క్రమంలో ఐఎఫ్ఎస్‌ను పైన రాసుకోవాలి. ఏటా తీసుకునేది కొద్ది పదుల మందినే కాబట్టి ర్యాంకు కూడా ముందు వరసలో ఉండాలి. సర్వీసులో చేరాక సైతం ఎవరినీ ఆఫ్రికా నిపుణుడిగా నియమిస్తూ ఉత్తర్వు ఇవ్వరు. నేర్చుకున్న భాష, అడిగి వెళ్లిన పోస్టింగులు, ఢిల్లీలో చూసిన విభాగం, అక్కడ సంపాదించుకున్న స్నేహాలు కలిసి పదిహేను ఇరవై ఏళ్లలో ఒక అధికారిని అలా తయారుచేస్తాయి.

తెలుగు మాధ్యమంలో చదివాను. విదేశాంగ సర్వీసు నా వంటివారికి కుదురుతుందా?

కుదురుతుంది. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. ఇంగ్లిష్ పేపరులో 300కు 25 శాతం తెచ్చుకుంటే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. అయితే ఉద్యోగంలో రోజూ రాసే నివేదికలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కాబట్టి సూటిగా, తప్పుల్లేకుండా ఇంగ్లిష్ రాయడం ఇప్పటి నుంచే సాధన చేయాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, కార్యాలయంలో మరో భాష వాడుతూ పెరగడం ఆఫ్రికాలో కోట్ల మందికి నిత్యజీవితం. తెలుగు బడి నుంచి వచ్చినవారు ఆ అనుభవాన్ని త్వరగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

ఆఫ్రికా గురించి ఇప్పటి నుంచే చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మొత్తం ఖండాన్ని ఒక్కసారిగా ఎత్తుకోవద్దు. ఐక్యరాజ్యసమితిలో 54 ఆఫ్రికా దేశాలున్నాయి, ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్‌లో 55 సభ్యులున్నారు. పక్కపక్కన ఉన్న రెండు మూడు దేశాలను ఎంచుకుని ఒక ఏడాది వాటినే చదవండి. ఉదాహరణకు కెన్యా, ఉగాండా, టాంజానియా. అక్కడ ఏ పంటలు పండుతాయి, రేవు ఎవరి చేతిలో ఉంది, కిందటి ఎన్నికల్లో ఏం జరిగింది, అప్పు ఎంత, పక్కదేశంతో పేచీ ఎక్కడ? వీటికి జవాబులు తెలిసేసరికి మిగతా దేశాలను ఎలా చదవాలో మీకే అర్థమవుతుంది.

పేర్ల విషయంలో మాత్రం మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉండాలి. నైజర్, నైజీరియా వేర్వేరు దేశాలు. కాంగోలు రెండు. వాటి రాజధానులు కిన్షాసా, బ్రాజవిల్ ఒకే నదికి చెరో ఒడ్డున ఎదురెదురుగా ఉంటాయి. గినీ, గినీ బిస్సావ్, ఈక్వటోరియల్ గినీ మూడూ మూడు దేశాలు. పేరు తడబడితే ఎదుటివారి మనసులో పడే ముద్ర చాలాకాలం చెరగదు. ఇంకొక సలహా: నైరోబీ, లాగోస్, జొహానెస్‌బర్గ్ పత్రికలను ఇంటర్నెట్‌లో నేరుగా చదవండి. లండన్, ప్యారిస్ పత్రికల కళ్లతో మాత్రమే ఆఫ్రికాను చూస్తే యుద్ధాలు, కరువులు తప్ప ఇంకేమీ కనిపించవు.

సివిల్స్ రాకపోతే ఈ రంగంలోకి వేరే దారి లేదా?

ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ పరీక్ష ద్వారా విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరుగా చేరవచ్చు. వారికీ విదేశీ పోస్టింగులు ఉంటాయి, పదోన్నతులతో పైకి వస్తారు కూడా. పరిశోధన ఇష్టమైతే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయనాల విభాగాలున్నాయి. హైదరాబాద్‌లోనే ఉండి ఫ్రెంచ్ గానీ అరబిక్ గానీ నేర్చుకోవాలంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అందుబాటులో ఉంది.

## శిక్షణ, భాష

ఎంపికైన వెంటనే ఆఫ్రికాకు పంపుతారా?

పంపరు. మొదట ముస్సోరీలోని అకాడమీలో అన్ని సర్వీసులవారితో కలిసి ఫౌండేషన్ కోర్సు ఉంటుంది. తరవాత ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ విదేశాంగ సర్వీసు సంస్థలో అంతర్జాతీయ సంబంధాలు, చట్టం, ప్రొటోకాల్, వాణిజ్యం నేర్పుతారు. దేశంలోని వివిధ ప్రాంతాలకు, సైనిక దళాల దగ్గరికి కూడా తీసుకెళ్తారు. అది ముగిశాక ఒక విదేశీ భాష కేటాయించి, ఆ భాష మాట్లాడే దేశంలోని మన దౌత్య కార్యాలయానికి, తొలి మెట్టు అయిన థర్డ్ సెక్రటరీ హోదాలో పంపుతారు. భాషా పరీక్ష ఉత్తీర్ణులైతేనే ఉద్యోగం ఖరారవుతుంది.

ఏ భాష తీసుకుంటే ఆఫ్రికాకు ఎక్కువగా పనికొస్తుంది?

ఫ్రెంచ్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో అది లేకుండా పని సాగదు. సెనెగల్ రాజధాని డకార్‌లోనో కిన్షాసాలోనో మంత్రిత్వ శాఖ గుమాస్తా నుంచి మంత్రి దాకా అందరితోనూ అదే భాషలో మాట్లాడాలి. అరబిక్ వస్తే ఈజిప్టు నుంచి మొరాకో దాకా ఉత్తర భాగం, సూడాన్ అందుబాటులోకి వస్తాయి. పోర్చుగీసు చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ అంగోలా, మొజాంబిక్, గినీ బిస్సావ్, కేప్ వర్దీ, సావో తొమే అయిదింటిలోనూ అదే అధికార భాష. ఒక విషయం గమనించండి. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ దేశాలు ఇటీవల ఫ్రెంచ్‌కు అధికార భాష హోదా తీసేశాయి. ఆ భాష అక్కడ ఇంకా పనికొస్తుంది, కానీ ఎవరితో, ఏ సందర్భంలో, ఏ స్వరంతో మాట్లాడాలో తెలిసి మాట్లాడాలి.

తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీ నేర్చుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా? అక్కడ అందరికీ ఇంగ్లిష్ వస్తుంది కదా?

మంత్రులకు వస్తుంది. బజారులో, పల్లెలో, పార్లమెంటు వరండాలో జరిగే అసలు మాటలు టాంజానియాలో స్వాహిలీలోనే ఉంటాయి. 2022లో ఆఫ్రికన్ యూనియన్ దాన్ని తన పని భాషల్లో చేర్చుకుంది. మనకు అది మరీ పరాయిగా కూడా అనిపించదు. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాలుగా సాగిన వర్తకం వల్ల స్వాహిలీలో దుకాణాన్ని ‘దుకా’ అంటారు, బీమాను ‘బీమా’ అనే అంటారు, లక్షను ‘లాకి’ అంటారు. చపాతీ చపాతీయే.

కాలం లెక్క తెలియకపోతే మాత్రం సమావేశాలు తప్పిపోతాయి. స్వాహిలీలో, ఇథియోపియాలోనూ, గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట. పొద్దుపొడుపు నుంచి ఘడియలు లెక్కపెట్టిన మన పెద్దలకు ఇది వెంటనే అర్థమయ్యేది. ఇథియోపియా పంచాంగంలో పదమూడు నెలలు, సంవత్సరం మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఏ గడియారం ప్రకారమో అడిగి రాసుకోవాలి.

## మొదటి పోస్టింగులు

ఆఫ్రికా పోస్టింగ్ అంటే శిక్ష అంటారు. నిజమేనా?

ఈ మాట విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది, ఎందుకంటే దీన్ని నమ్మి మంచి అవకాశాలు వదులుకునే యువకులు ఉన్నారు. కఠినమైన కేంద్రాలు ఉన్నాయన్నది వాస్తవం. కరెంటు కోతలు, వైద్య సదుపాయాల కొరత, భద్రత సమస్యలు ఉన్నచోట సాధారణంగా మూడేళ్లుండే పదవీకాలాన్ని తగ్గిస్తారు. అలాగని నైరోబీని, కిగాలీని, డకార్‌ను, కేప్‌టౌన్‌ను అదే గాటన కట్టడం అజ్ఞానం. అవి హాయిగా బతకగలిగిన నగరాలు.

అసలు సంగతి బాధ్యతలో ఉంది. వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో సెకండ్ సెక్రటరీకి పెద్ద యంత్రంలో ఒక చిన్న పని దొరుకుతుంది. ముగ్గురు నలుగురు అధికారులుండే ఆఫ్రికా కార్యాలయంలో అదే వయసువారు రాజకీయ నివేదిక రాస్తారు, వాణిజ్య బృందాన్ని తిప్పుతారు, వీసాలు చూస్తారు, రాయబారి లేనప్పుడు కార్యాలయాన్నే నడుపుతారు. 2018లో కేంద్ర మంత్రివర్గం ఆఫ్రికాలో 18 కొత్త దౌత్య కార్యాలయాలు తెరవాలని నిర్ణయించింది, అప్పటికి ఉన్న 29ని 47కు పెంచడం లక్ష్యం. కొత్త దేశంలో అద్దె భవనం వెతకడం దగ్గర నుంచి జెండా ఎగరేయడం దాకా చేసే అదృష్టం ఐరోపా పోస్టింగులో ఎవరికీ దక్కదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎదురుగా కూర్చున్న దౌత్యవేత్త తిరిగి వెళ్లే రోజులు లెక్కపెట్టుకుంటున్నాడో, తమ దేశాన్ని తెలుసుకోవడానికి వచ్చాడో ఆతిథ్య దేశం వారు మొదటి భేటీలోనే పసిగడతారు. శిక్షగా భావించి వెళ్లినవారికి అక్కడ ఏ తలుపూ పూర్తిగా తెరుచుకోదు.

చిన్న కార్యాలయంలో రోజంతా ఏం పని ఉంటుంది?

ఒక ఉదాహరణ. టాంజానియాలో విక్టోరియా సరస్సు నీటిని టబోరా, ఇగుంగా, న్జెగా పట్టణాలకు తీసుకెళ్లే పథకానికి మన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా సుమారు 26.8 కోట్ల డాలర్ల రుణం ఇచ్చాం. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. కార్యక్షేత్రంలో ఇలాంటి పథకం వెనక గుత్తేదారు ఫిర్యాదులు, పన్ను మినహాయింపు ఉత్తర్వులు, పైపుల రవాణా, స్థానిక శాఖల అనుమతులు ఉంటాయి. వీటిలో ఏది ఆగినా ఫోను మన కార్యాలయానికే వస్తుంది. దీనికి తోడు విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఐటెక్ శిక్షణలకు అభ్యర్థులను ఎంపిక చేయడం, ఉపకార వేతనాల దరఖాస్తులు చూడటం, ఐక్యరాజ్యసమితిలో ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు అడగడం ఉంటాయి. అక్కడ ప్రతి దేశానికీ ఒక ఓటే ఉంటుంది, అది చిన్న ద్వీప దేశమైనా సరే.

రాయబారి, హైకమిషనర్ ఒకరేనా?

హోదా, పని ఒకటే. కామన్‌వెల్త్ సభ్య దేశాల మధ్య హైకమిషనర్ అంటారు, మిగతా చోట్ల రాయబారి. ఒకప్పటి బ్రిటిష్ వలసలే కామన్‌వెల్త్‌లో ఉంటాయనుకుంటే పొరపాటు. మొజాంబిక్, రువాండా, గాబన్, టోగో సభ్యులే. జింబాబ్వే 2003లో బయటికి వచ్చింది.

యుద్ధం మొదలైతే మనవాళ్లను ఎలా బయటికి తెస్తారు?

2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో రెండు సాయుధ దళాల మధ్య పోరు మొదలైంది. ఖార్తూమ్ విమానాశ్రయమే యుద్ధరంగమైంది. మనవాళ్లు కరెంటు, నీరు లేకుండా ఇళ్లలో చిక్కుకుపోయారు. కార్యాలయ సిబ్బంది ముందు జాబితా తయారుచేశారు, ఎవరు ఏ వీధిలో ఉన్నారు, ఫోనులో చార్జింగు ఎంత ఉంది అన్నంత వివరంగా తెలుసుకోవాల్సిన పరిస్థితి అది. తరవాత బస్సులు, డీజిలు వెతకాలి, కాల్పుల విరామం ఉన్న కొద్ది గంటల్లోనే వందల కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ సూడాన్‌కు చేర్చాలి. అక్కడి నుంచి నౌకాదళ ఓడల్లో, వైమానిక దళ విమానాల్లో సౌదీ అరేబియాలోని జెద్దాకు, ఆపైన స్వదేశానికి. ఖార్తూమ్‌కు ఉత్తరాన వాది సయ్యిద్నా అనే చిన్న రన్‌వే మీద దీపాలు లేకుండా రాత్రివేళ మన సీ-130జే విమానం దిగి 121 మందిని తెచ్చింది. ‘ఆపరేషన్ కావేరి’ పేరుతో మొత్తం 3,862 మంది బయటపడ్డారు. 2011లో లిబియా నుంచి 15 వేల మందికి పైగా వచ్చారు.

ఇలాంటి రోజు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ప్రశాంతంగా ఉన్నప్పుడే భారతీయుల చిరునామాలు నమోదు చేయించడం, ఊరి బస్సు యజమానులను, రేవు అధికారులను పరిచయం చేసుకోవడం మంచి అధికారి లక్షణం.

ఏజెంటు మోసం చేసి వదిలేసిన కార్మికుడికి దౌత్యవేత్త ఎంతవరకు సాయం చేయగలడు?

తాత్కాలిక వసతి, భోజనం, తిరుగు టిక్కెట్టు, మృతదేహాన్ని స్వగ్రామానికి పంపడం వంటి వాటికి 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. యజమానితో మాట్లాడగలరు, పోలీసులను కలవగలరు, జైల్లో ఉన్నవారిని చూడగలరు. ఆ దేశ న్యాయస్థానాన్ని మాత్రం ఆదేశించలేరు. 2022 ఆగస్టులో ఈక్వటోరియల్ గినీ నిర్బంధించిన ‘హీరోయిక్ ఇడున్’ నౌకలో 16 మంది భారతీయులున్నారు. తరవాత వారిని నైజీరియాకు తరలించారు. విడుదలయ్యేసరికి తొమ్మిది నెలలు దాటింది. కుటుంబాలకు ఆ నెలలన్నీ నరకమే. దౌత్యవేత్త ఓర్పుతో ప్రతి వారం వెళ్లి అడుగుతూనే ఉండాలి.

## కుటుంబం, ఆరోగ్యం, జీతం

టీకాలు, మలేరియా గురించి ఏం తెలుసుకోవాలి?

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అనుకోండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు అధీకృత కేంద్రంలో వేయించుకుని ధ్రువపత్రం తీసుకోవాలి. 2016 నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా అక్కడి నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మలేరియాకు దోమతెర, వేళకు మందులు, జ్వరం రాగానే రక్తపరీక్ష అవసరం. సెలవు మీద ఇంటికి వచ్చాక జ్వరం వచ్చినా, ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకు ముందే చెప్పాలి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఎలా? పిల్లల చదువు సంగతి?

ఇందులో దాచిపెట్టడానికి ఏమీ లేదు, ఈ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన విషయం ఇదే. జీవిత భాగస్వామి ఉద్యోగం తరచూ తెగిపోతుంది. కొన్ని దేశాలతో ఉన్న ఒప్పందాల వల్ల అక్కడ పని చేసుకునే వీలుంటుంది, కొన్నిచోట్ల ఉండదు. పిల్లల చదువు ఖర్చును నిబంధనల మేరకు ప్రభుత్వం భరిస్తుంది, కానీ మూడేళ్లకోసారి స్నేహితులను వదిలి వచ్చే పిల్లవాడి బెంగకు భత్యం లేదు. ఊళ్లో వృద్ధులైన తల్లిదండ్రులున్నవారు తోబుట్టువులతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. పెళ్లికి ముందే ఈ మాటలన్నీ విప్పి చెప్పండి.

మా అమ్మాయి ఐఎఫ్ఎస్ అంటోంది. ఆడపిల్లను ఆఫ్రికాకు పంపవచ్చా?

ఐఎఫ్ఎస్‌లో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ 1949లోనే ఆ ద్వారం తెరిచారు. ఘనాలోనూ దేశ ప్రతినిధిగా పనిచేశారు. పెళ్లి చేసుకోవాలంటే మహిళా అధికారులు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనను ఆమె సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టింది. అమ్మాయిని నిశ్చింతగా పంపండి. లైబీరియాలో 2007 నుంచి 2016 దాకా శాంతి పరిరక్షణ చేసిన మన మహిళా పోలీసు దళాన్ని అక్కడి ప్రజలు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు.

జీతం ఎంత?

ప్రారంభ మూల వేతనం 56,100 రూపాయలు, కార్యదర్శి స్థాయిలో 2,25,000. విదేశంలో ఉన్నంతకాలం ఆ ఊరి ఖర్చులను బట్టి విదేశీ భత్యం, ప్రభుత్వం చూపే ఇల్లు ఉంటాయి.

## అనుభవం పెరిగాక

ఆఫ్రికాతో మన దేశానికి అంత పని ఏముంది?

మీ వంటింట్లో ఉంది. 2015లో కందిపప్పు కిలో రెండు వందల రూపాయలకు చేరినప్పుడు జనం ఎంత అల్లాడారో గుర్తుంది కదా. మరుసటి ఏడాది జులైలో మొజాంబిక్‌తో పప్పుధాన్యాల కొనుగోలు ఒప్పందం కుదిరింది. లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల టన్నులకు పెంచాలన్నది దాని సారాంశం. అక్కడి రైతు కందులు వేయాలంటే మనం కొంటామన్న భరోసా కావాలి. ఇక్కడి రైతు నష్టపోకూడదు. ఈ రెంటి మధ్య సంధానం చేసేది దౌత్యవేత్తే. పలాసలో పగలగొట్టే జీడిగింజల్లో ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చేవి ఉన్నాయి. హైదరాబాద్ మందులు అటు వెళ్తాయి. 2022-23లో ఆఫ్రికాతో మన వాణిజ్యం సుమారు 98 బిలియన్ డాలర్లు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమావేశంలోనే ఆఫ్రికన్ యూనియన్‌కు జీ20లో శాశ్వత సభ్యత్వం దక్కింది. అదే ఏడాది ఐఐటీ మద్రాస్ టాంజానియాలోని జాంజిబార్‌లో ప్రాంగణం తెరిచింది.

దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో తెలుగువారు ఉన్నారంటారు. తెలుగు అధికారికి అది కలిసివస్తుందా?

మనసుకు దగ్గరగా ఉంటుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడతో మొదలైన వలసలో తెలుగువారు ఉన్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. అయితే వారు ఆ దేశాల పౌరులు, అయిదారు తరాలుగా అక్కడివారు. భాషను, పండగను పంచుకోవచ్చు గానీ వారిని మన ప్రతినిధులుగా చూడకూడదు. డర్బన్‌లో తెలుగు సభకు వెళ్లినంత శ్రద్ధగా అక్కడి స్థానిక జూలూ సమాజపు కార్యక్రమానికీ వెళ్లాలి.

మన నగరాల్లో ఆఫ్రికా విద్యార్థుల మీద దాడి జరిగితే అక్కడున్న మన దౌత్యవేత్త పరిస్థితి ఏమిటి?

అన్నిటికన్నా తలవంపులు తెచ్చే రోజు అది. 2016 మేలో ఢిల్లీలో కాంగో యువకుడు హత్యకు గురైనప్పుడు ఆఫ్రికా రాయబారులు ఆఫ్రికా దినోత్సవ వేడుకలనే వాయిదా వేయమన్నారు. కిన్షాసాలో భారతీయుల దుకాణాల మీద దాడులు జరిగాయి. 2017లో గ్రేటర్ నోయిడా ఘటనల తరవాత కూడా వారు జాతి వివక్ష అన్న మాటను బహిరంగంగా వాడారు. అలాంటప్పుడు చిన్నచిన్న అల్లరిమూకల పని అని తోసిపుచ్చితే ఎవరూ నమ్మరు. కుటుంబాన్ని కలిసి క్షమాపణ చెప్పడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు ఢిల్లీని అడిగి చెప్పడం చేయాలి. హైదరాబాద్‌లో చదువుకునే ఆఫ్రికా విద్యార్థికి అద్దె ఇల్లు ఇవ్వడానికి మనం నిరాకరించిన ప్రతిసారీ అక్కడి మన అధికారి పని కష్టమవుతుంది.

ఢిల్లీలో ఆఫ్రికాను చూసేది ఒకే విభాగమా?

కాదు. తూర్పు, దక్షిణ ఆఫ్రికాకు ఒకటి, మధ్య, పశ్చిమ ఆఫ్రికాకు ఇంకొకటి ఉన్నాయి. ఉత్తరాది అరబ్ దేశాలు పశ్చిమాసియా విభాగంతో కలిసి ఉంటాయి. మారిషస్, సెషెల్స్, మడగాస్కర్, కొమొరోస్ హిందూ మహాసముద్ర విభాగం కిందికి వస్తాయి.

ఎప్పుడూ ఆఫ్రికాలోనే ఉంటే పదోన్నతులు దెబ్బతినవా?

పదోన్నతి సర్వీసు కాలాన్ని, వార్షిక నివేదికలను బట్టి వస్తుంది. రెండు ఆఫ్రికా పోస్టింగుల మధ్య న్యూయార్క్‌లోనో జెనీవాలోనో ఐక్యరాజ్యసమితి పని చేసి వస్తే ఆఫ్రికా బృందం ఎలా ఓటు వేస్తుందో లోపలి నుంచి తెలుస్తుంది. అది తరవాత ఆఫ్రికన్ యూనియన్ కేంద్ర కార్యాలయం ఉన్న ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ఎంతో ఉపయోగపడుతుంది. అక్కడ మన రాయబారి ఇథియోపియాతోపాటు ఆఫ్రికన్ యూనియన్‌ను కూడా చూస్తారు.

ప్రభుత్వ విధానం ఒకటి, అక్కడ నా కళ్లకు కనిపించేది ఇంకొకటి అయితే ఏం చేయాలి?

1948లో అప్పా పంత్ నైరోబీకి స్వతంత్ర భారత తొలి కమిషనర్‌గా వెళ్లారు. ఆయన మహారాష్ట్రలోని ఒకప్పటి ఔంధ్ సంస్థానపు రాజకుటుంబీకుడు. అక్కడి భారతీయ వర్తకుల బాగోగులు చూసుకుంటూ, బ్రిటిష్ గవర్నరు విందులకు వెళ్తూ కాలం గడిపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఆఫ్రికన్ నాయకుల ఇళ్లకు వెళ్లారు, వారి యువకులు భారత్‌లో చదువుకోవడానికి ఉపకార వేతనాలు ఇప్పించారు, ఈ దేశం ఆఫ్రికన్లదేనని భారతీయులకు నచ్చజెప్పారు. బ్రిటిష్ పాలన మీద కెన్యాలో సాగిన మావు మావు తిరుగుబాటు కాలంలో వలస ప్రభుత్వం ఆయన మీద ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేసింది. 1954లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ల తరవాత, 1963 డిసెంబరు 12న, కెన్యా స్వతంత్రమైంది.

బహిరంగంగా మీ నోటి వెంట ప్రభుత్వ మాటే రావాలి, అందులో మినహాయింపు లేదు. ఢిల్లీకి పంపే రహస్య నివేదికలో మాత్రం చూసింది చూసినట్టు రాయాలి. వారికి నచ్చదని తెలిసినా, తేదీ వేసి, సంతకం పెట్టి పంపాలి.